నలభై ఆరో టేపు

ఏడు రోడ్ల జంక్షన్లో, టైలరు షాపు మీద గది.
కింద మిషన్లు ఆగితేనే
నా చెవిలో మాట తేటగా పడుతుంది.
హెడ్‌ఫోను, పెన్సిలు, పదహారు గళ్ల కాగితం,
ఒక్కో గడికీ సున్నా నుంచి నాలుగు.
దిగులుకి మాటలతో చేసే వైద్యం
ఏపాటి నాణ్యమో తూచడం నా ఉద్యోగం.

సూది లేదు, సీసా లేదు.
మాటే మందైన చోట
మోతాదు ఎవరో ఒకరు చూడాలి కదా.

పలాస ఆస్పత్రి వెనకవైపు గదిలో రికార్డు చేసింది ఇది.
కౌన్సిలరు దుంపల హైమావతి, శిక్షణ పదకొండు రోజులు.
ఎదుట ఒకామె. పేరొచ్చిన చోట కూత మాత్రమే వినిపిస్తుంది.
జీడిపప్పు ఏరే పని.

"లెగాలనుండదమ్మా.
తెల్లారిందంటే బయమేస్తాది.
అన్నం ఉడికినాదో నేదో తెలీదు.
పిల్లోడు అమ్మా అని పిలిస్తే
ఇంకెవుల్నో పిలుస్తున్నాడనుకుంటాను."

ఇక్కడ హైమావతి ఒక ప్రశ్న అడగాలి.
మాన్యువల్లో పదమూడో పేజీ, నాకు కంఠతా వచ్చు.
అడగలేదు.
ఫ్యాను కిర్రుమంటోంది.
ఎక్కడో గూడ్సు బండి, పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె,
అది పూర్తిగా పోయేదాకా
ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పలేదు.
నాలుగు నిమిషాల పది సెకన్లు.
ఏ గడిలో వెయ్యను దీన్ని?

కిల్లి సుదర్శనం గారు ఇదే విని ఒకటి వేశారు.
చేతకాక నోరు పడిపోయిందన్నారు.
నేను నాలుగు వేశాను.
ఇద్దరి మార్కులూ కలవకపోతే
ఆ కొలత చెల్లదని రూలు.
టీ తెప్పించుకుని మళ్లీ విన్నాం.
ఈసారి నాకూ అనుమానం వచ్చింది,
నిజంగానే ఏమీ తోచలేదేమో ఆ పిల్లకి.

బండి పోయాక ఆమే ఎత్తుకుంది:
"గుండు తెల్లగుంటే ఒక డబ్బా,
మచ్చుంటే ఇంకో డబ్బా, ఇరిగితే బద్దల్లోకి.
నా ఏళ్లకి తెలుస్తాది, సూడక్కర్నేదు.
మరి నీ మాటల్నెవులేరతారమ్మా?"
హైమావతి నవ్వింది.
"సికాకుళంలో ఉన్నార్లే ఇద్దరు."
"ఆల సేతులకి జీడినూని అంటినాదా ఎప్పుడైనా?"

హెడ్‌ఫోను తీసేశాను.
నా వేళ్లకి పెన్సిలు మసి తప్ప ఏమీ లేదు.
అయినా అంటిందమ్మా, ఒకసారి.
విజయనగరంలో ఒకాయన దగ్గరికి వెళ్లేదాన్ని.
ప్రతి ప్రశ్నా పద్ధతి ప్రకారం, ప్రతి విరామం కొలిచినట్టు.
ఈ కాగితం మీదైతే అరవై నాలుక్కి అరవై ఆయనకి.
నాలుగోసారి నేను వెళ్లలేదు.
తప్పు ఆయనది కాదు.

ఫైల్లో ఆమె లెక్క కూడా ఉంది,
గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు.
మొదటి రోజు ఇరవై, ఎనిమిదో వారానికి పదకొండు.
ఆ మౌనం వల్లనో,
మూతపడ్డ ఫ్యాక్టరీ మళ్లీ తెరిచినందువల్లనో,
పిల్లాడి జ్వరం తగ్గిందనో,
ఉత్తినే రోజులు గడిచాయనో.
అంకెని అడిగితే చెప్పదు.

చివరికి సుదర్శనం గారు ఒకటిని రెండు చేశారు,
నేను నాలుగుని మూడు.
ఒక్క మార్కు తేడా ఉంటే ఏకీభవించినట్టే లెక్క.
సంతకాలు పెట్టాం.
కింద మిషన్లు మళ్లీ మొదలయ్యాయి.

మార్జిన్లో సన్నగా రాశాను,
గూడ్సు బండి పోయేదాకా ఆగింది, అని.

కంప్యూటర్లోకి ఎక్కించే కుర్రాడు సాయంత్రం పైకొచ్చి
ఆ లైను మీద వేలు పెట్టి అడిగాడు,
మేడమ్, ఇదే కాలమ్ కింద కొట్టమంటారు?